లంకలో జంతువుల కోసం పరుగెత్తనక్కర్లేదు, చెరువు గట్టున కూర్చోండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఈ దసరా సెలవుల్లో నేను, మా వారు, పదకొండేళ్ల బాబు, డెబ్బైకి దగ్గరపడిన మా అత్తమ్మ కలిసి ఎనిమిది రోజులు శ్రీలంక వెళ్తున్నాం. కారు, డ్రైవరు మాట్లాడుకున్నాం. బాబుకు జంతువులంటే ప్రాణం, చిరుతపులిని చూడాల్సిందేనని పట్టుబడుతున్నాడు. మేం ఒక్క సఫారీకి మించి ఖర్చు పెట్టుకోలేం. సఫారీలు చేయకపోతే అక్కడ చూసేదేమీ ఉండదని తెలిసినవాళ్లు అంటున్నారు. అత్తమ్మకు త్రింకోమలిలో శాంకరీ దేవిని దర్శించుకోవాలని, గుళ్ల దగ్గర కోతులకు అరటిపళ్లు పెట్టాలని ఉంది. నాకు మాత్రం పాములన్నా, రోడ్డు మీదికి వచ్చే ఏనుగులన్నా భయం. ఇంత తక్కువలో మేం ఏం చూడగలం? ఎలా మసలుకోవాలి?

జవాబు: సఫారీలు లేకపోతే చూసేదేమీ ఉండదన్న మాటను ముందుగా మనసులోంచి తీసేయండి. వేరే దేశాల సంగతి ఎలా ఉన్నా శ్రీలంక విషయంలో అది నిజం కాదు. ఆ ద్వీపం విస్తీర్ణం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. అంత చిన్న నేల మీద 2011లో జరిపిన లెక్కింపులో 5,879 అడవి ఏనుగులు తేలాయి. వాటిలో చాలావాటికి రక్షిత అరణ్యం సరిహద్దు అన్నది మనం కాగితం మీద గీసుకున్న గీత మాత్రమే; ఆ గీతకు ఇవతల, పొలాల పక్కన, చెరువు శిఖాల్లో, రైలు పట్టాల దగ్గర అవి తిరుగుతూనే ఉంటాయి. 2025 మార్చి 15న ఆ దేశ ప్రభుత్వం ఉదయం 8 గంటల నుంచి ఐదు నిమిషాలపాటు తమ పెరట్లో, పొలంలో కనిపించిన కోతులను, నెమళ్లను, పెద్ద ఉడుతలను లెక్కపెట్టి రాయమని ప్రజలందరినీ కోరింది. పంటలకు జరుగుతున్న నష్టం అంచనా వేయడానికి చేసిన పని అది. రైతులకు అది ఎంత బాధో నేను కాదనను. కానీ ఇంటి గుమ్మంలో నిలబడి అడవి జంతువులను లెక్కపెట్టగలిగిన దేశానికి మీరు వెళ్తున్నారని బాబుకు చెప్పండి, చిరుతపులి దిగులు కొంత తగ్గుతుంది.

చిరుత సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. లంకలో పెద్దపులి లేదు, సింహం లేదు. అడవికి అక్కడ చిరుతే రాజు. సింహళంలో దాన్ని 'కొటియా' అంటారు. డ్రైవర్లు, గైడ్లు అలవాటుగా దాన్నే 'టైగర్' అని కూడా అంటుంటారు, ఆ మాట విని బాబు ఆశలు పెంచుకోకుండా చూడండి. చిరుతలకు పేరుపడ్డది ఆగ్నేయ తీరంలోని యాల జాతీయ వనం. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటే కాలంలో, అంటే సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య వరకు, అందులో ఎక్కువమంది వెళ్లే భాగాన్ని సాధారణంగా మూసేస్తారు. మీ సెలవుల్లో అది తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి. తెరిచి ఉన్నా నేను వద్దనే అంటాను. ఒక చిరుత చెట్టుకొమ్మ మీద కనిపించిందని ఎవరో ఫోన్ చేయగానే పదుల సంఖ్యలో జీపులు దుమ్ము రేపుకుంటూ అక్కడికి దూసుకెళ్లడం, ఇంజన్ల మోతకు ఆ జంతువు లేచి పొదల్లోకి వెళ్లిపోవడం నేను చూశాను. ఉన్న ఒక్క సఫారీ డబ్బును అదృష్టం మీద పెట్టి, చివరికి పిల్లవాడు జీపుల వెనక భాగాలు చూసి రావడం నాకిష్టం లేదు.

ఆ డబ్బు ఏనుగుల మీద పెట్టండి, మిన్నేరియాకు వెళ్లండి. త్రింకోమలి మీ దారిలో ఎలాగూ ఉంది కాబట్టి మొదటి మూడు రాత్రులు హబరణ అనే ఊళ్లో దిగితే సిగిరియా బండ కోట, మిన్నేరియా, త్రింకోమలి మూడూ అక్కడి నుంచే చూడొచ్చు. మిన్నేరియా అన్నది మొదట అడవి పేరు కాదు, చెరువు పేరు. మూడో శతాబ్దం చివర మహాసేనుడనే రాజు తవ్వించాడు. లంక ఉత్తర భాగంలో వానలు ఏడాదిలో కొన్ని నెలలే కురుస్తాయి కాబట్టి అక్కడి రాజులు వాన నీటిని చెరువుల్లో కట్టి వ్యవసాయాన్ని నిలబెట్టారు. చెరువును వాళ్లు 'వెవ' అంటారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు తాగిన ప్రాంతం నుంచి వెళ్తున్న మీకు ఆ కట్ట, ఆ తూము, కట్ట కింద పచ్చటి మడి చూడగానే పరాయి దేశం అనిపించదు. మీ బాబుకు కాకతీయుల చెరువుల గురించి చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

అక్కడి ఎండాకాలం గడిచేకొద్దీ ఈ చెరువు నీరు వెనక్కి తగ్గి, బయటపడిన శిఖంలో లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులన్నీ ఎండి ఉన్న ఆ కాలంలో నీళ్లు, గడ్డి, నీడ మూడూ ఒకేచోట దొరికేది అక్కడే కాబట్టి జులై నుంచి సెప్టెంబరు, అక్టోబరు వరకు ఏనుగుల మందలు అక్కడికి చేరతాయి. మంచి రోజుల్లో రెండు వందలకు పైగా ఏనుగులను ఒకేసారి చూసినవాళ్లున్నారు. తల్లుల కాళ్ల మధ్య నుంచి గున్న ఏనుగులు తొంగిచూడటం, రెండు మందలు ఎదురుపడితే తొండాలు చాచి ఒకదాన్నొకటి తడుముకోవడం, ఆడ ఏనుగులన్నీ కలిసి పిల్లలను మధ్యలో పెట్టుకుని నడవడం చూస్తే పదకొండేళ్ల పిల్లవాడు చిరుతను తప్పకుండా మరిచిపోతాడు. దంతాలేవి అని అడుగుతాడు, సిద్ధంగా ఉండండి: లంక ఏనుగుల్లో మగవాటిలో కూడా దంతాలున్నవి పదింట ఒకటి కూడా ఉండవు, అందుకే దంతమున్న ఏనుగు కనిపిస్తే అక్కడివాళ్లకే పండుగ.

దీనికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, వెళ్లేది మధ్యాహ్నం తర్వాతే కావాలి. ఏనుగులు ఎండ తగ్గాక అడవిలోంచి శిఖంలోకి దిగుతాయి కాబట్టి ఉదయపు సఫారీ ఇక్కడ దండగ. రెండోది, వానలు ముందుగా పడినా, ఎగువ జలాశయం నుంచి నీరు వదిలినా చెరువు నిండి గడ్డి మునిగిపోతుంది, ఏనుగులు పక్కనున్న కౌడుల్లకో, హురులు అడవికో తరలిపోతాయి. అందువల్ల టిక్కెట్టు ఇంటి నుంచే కొనుక్కోకండి. హబరణ చేరాక, ముందురోజు సాయంత్రం ఏనుగులు ఎక్కడ కనిపించాయో మీరు దిగిన చోట అడిగి, ఆ రోజే జీపు మాట్లాడుకోండి. ప్రవేశ రుసుము దగ్గర భారతీయ పాస్‌పోర్ట్ చూపించి సార్క్ దేశాలవారికి తగ్గింపు ఉందా అని ప్రతిచోటా అడగండి. జీపు డ్రైవరుతో ఎక్కే ముందే, "మందకు దగ్గరగా పోనివ్వొద్దు, దూరంగా ఆపి ఇంజన్ కట్టేయండి, మేం ఎంతసేపైనా కూర్చుంటాం" అని చెప్పండి. దగ్గరికి తీసుకెళ్తేనే బహుమతి ఇస్తారని వాళ్లు అనుకుంటారు కాబట్టి ఈ మాట మీ నోటి నుంచి రావాలి.

ఇక సఫారీ కాని మిగతా ఏడు రోజుల సంగతి. నా అనుభవంలో శ్రీలంకలో డబ్బు పెట్టకుండా చూసిన వాటిలో అన్నింటికన్నా గొప్పది సాయంత్రం ఐదు గంటలకు ఏదో ఒక ఊరి చెరువు గట్టు. దంబుల్ల దగ్గరి కండలమ చెరువు గట్టున ఒకసారి చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుని వెళ్తున్నారు, పిల్లలు స్నానాలు చేస్తున్నారు, ఎండిన మోడుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, గూడబాతులు సంచి ముక్కులు నీళ్లలో ముంచి చేపలు పట్టుకుంటున్నాయి. వెలుతురు తగ్గాక అవతలి ఒడ్డున చెట్ల నీడ కదిలినట్లు ఒక ఒంటరి ఏనుగు నీళ్లలోకి దిగింది. ఇవతల బట్టలు ఉతికే ఆమె తలెత్తి ఒకసారి చూసి తన పని తాను చేసుకుంది. ఆ కలిసి బతకడాన్ని చూపించే సఫారీ ఏదీ లేదు. మీ ఎనిమిది రోజుల్లో కనీసం మూడు సాయంత్రాలు ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా ఇలా కేటాయించండి. ఒకే జాగ్రత్త: ఆ చెరువుల్లో మొసళ్లుంటాయి కాబట్టి ఊరివాళ్లు దిగే రేవులో తప్ప ఇంకెక్కడా నీళ్లలో కాలు పెట్టకండి. వాళ్లు చీకటిపడి లేచి వెళ్లిపోతే మీరూ లేవండి.

కొలంబోలో దిగిన రోజునే బాబుకు మొసలి పిల్లలా కనిపించే ఒక పెద్ద జంతువు కాలువ గట్టున ఎదురుపడవచ్చు. అది నీటి ఉడుము, పేరు 'కబరగొయ'. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చెత్తకుప్పల దగ్గర, మురుగు కాలువల పక్కన, హోటళ్ల తోటల్లో కూడా నింపాదిగా నడిచిపోతుంది. దానికి అన్నదమ్ముడి లాంటిది నేల మీద తిరిగే 'తలగొయ', అదే మన ఉడుము. కబరగొయ విషపూరితమని నమ్మి లంకవాసులు దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు, తలగొయను మాత్రం మాంసం కోసం వేటాడేవారు. ఆ భయమే నీటి ఉడుముకు రక్ష అయింది. చచ్చిన చేపలను, ఎలుకలను, కుళ్లిన మాంసాన్ని తిని ఊరిని శుభ్రం చేసే జంతువు అది. దాని దారిలోకి మనం వెళ్లకపోతే అది మన దారిలోకి రాదు. మూలకు తరిమితే మాత్రం తోకతో గట్టిగా కొడుతుంది, కరుస్తుంది కూడా, కాబట్టి బాబును ఐదారు అడుగుల ఇవతలే ఆపండి.

ఇప్పుడు అత్తమ్మ గారి అరటిపళ్ల విషయం. ఇది మీ ఉత్తరంలో అన్నింటికన్నా సున్నితమైనది, ఎందుకంటే ఆమె కోరిక భక్తిలోంచి వచ్చింది. హనుమంతుడు అడుగుపెట్టిన నేల అని మనవాళ్లు నమ్మే చోట వానరానికి ఒక పండు పెట్టాలనుకోవడాన్ని నేను తప్పుగా అనను. అయినా పెట్టవద్దని ఆమెను మీరు ఒప్పించాలి. గుళ్ల దగ్గర కనిపించేవి 'రిలవ' అనే కోతులు, నెత్తిమీద టోపీ పెట్టుకున్నట్లు వెంట్రుకల సుడి ఉంటుంది, లంకలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేవు. పొలొన్నరువ శిథిలాల మధ్య వీటి జీవితాన్ని 1968లో మొదలుపెట్టి దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. మనిషి చేతి తిండికి అలవాటుపడిన మంద తన తిండి తాను వెతుక్కోవడం తగ్గించి, సంచులు లాక్కోవడం, ఇళ్ల మీద పడటం, కొబ్బరితోటలను పాడుచేయడం నేర్చుకుంటుంది. రైతుల కోపం అక్కడ ఎంతవరకు వెళ్లిందంటే, 2023లో లక్ష కోతులను విదేశానికి పంపే ప్రతిపాదన గురించి దేశమంతా వాదించుకుంది. మనం పెట్టిన పండు ఆ కోతిని ఎవరి పొలంలోకి, ఎవరి తుపాకీ ముందుకు పంపుతుందో మనకు తెలియదని అత్తమ్మకు నెమ్మదిగా చెప్పండి. ఆ అరటిపళ్లను దేవుడికి నైవేద్యం పెట్టి, గుడి బయట ఉన్న మనుషులకు పంచమనండి. ఆమె మనసుకు కొరత ఉండదు.

నువారా ఎలియా దగ్గర సీతా ఎలియాలోని సీతమ్మ గుడికి కూడా ఆమెను తప్పక తీసుకెళ్లండి, అశోకవనం అక్కడే అని చెబుతారు. అక్కడా కోతులుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అది తిండేనని వాటి లెక్క, కాబట్టి పూజ సామాను గుడ్డ సంచిలో పెట్టి పైన కొంగు కప్పుకోమనండి. కోతి కళ్లలోకి సూటిగా చూడటం, పళ్లు కనిపించేలా నవ్వడం దానికి సవాలు విసిరినట్లే. ఒకవేళ ఏదైనా లాక్కుంటే వెనక్కి గుంజుకోవద్దు, పోనివ్వండి. కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, గాయం చిన్నదని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. వీధి కుక్కల విషయంలోనూ ఇదే. లంక రోడ్ల మీద అవి చాలా కనిపిస్తాయి, చాలావరకు సాధువైనవే, కానీ బాబును నిమరనివ్వకండి. ఇక పొడవాటి తోకతో, నల్లటి ముఖంతో కొమ్మల మీద కూర్చుని ఆకులు తింటూ ఉండేవి కొండముచ్చులు, 'వందురా' అంటారు. అవి తమ జోలికి రానివాళ్ల జోలికి రావు. అత్తమ్మకు వాటిని చూపించండి. గుడి ప్రాకారాల మీద మూడు చారల ఉడుతలు కూడా కనిపిస్తాయి. వారధి కట్టిన చోటికి అవతలి గట్టున ఉడుతను చూడటం ఆమెకు అరటిపండు పెట్టినంత తృప్తినిస్తుందని నేననుకుంటున్నాను.

తిండి పెట్టడం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత తప్పు ఒకటి కారణం. మొదటిసారి వెళ్లినప్పుడు ఉడవలవె నుంచి తణమల్విల వైపు పోయే రోడ్డులో, అభయారణ్యం చుట్టూ వేసిన కరెంటు కంచె వెనక ఏనుగులు వరసగా నిలబడి కనిపించాయి. రోడ్డు పక్క బండ్ల మీద పళ్లు అమ్ముతున్నారు. మేం కారు ఆపి పుచ్చకాయలు కొని కంచె మీదుగా అందించాం, పుణ్యం చేశామనుకున్నాం. మూడేళ్ల తర్వాత అదే రోడ్డులో వెళ్తే ఏనుగులు అక్కడే, అదే ఎండలో, అడవి వైపు వీపు తిప్పి, వచ్చే ప్రతి కారు వైపు తొండం చాచి నిలబడి ఉన్నాయి. మహా జంతువును బిచ్చానికి నిలబెట్టిన వాళ్లలో నేనూ ఒకణ్నని ఆ రోజు అర్థమైంది. బుత్తల నుంచి కతరగామ వెళ్లే రోడ్డులో ఇది ఇంకా ముదిరింది. అక్కడ కొన్ని మగ ఏనుగులు రోడ్డుకు అడ్డంగా నిలబడి, తినడానికి ఏదైనా ఇచ్చేదాకా వాహనాన్ని కదలనివ్వవు, కిటికీలోంచి తొండం లోపలికి పెడతాయి. అలాంటి ఏనుగు చివరికి ఎవరినో గాయపరుస్తుంది, లేదా అదే గాయపడుతుంది. అడవి ఏనుగుకు తిండి పెట్టడం అక్కడ చట్టప్రకారం నేరం కూడా. మీరు ఆ దారిన వెళ్లనక్కర్లేదు.

కానీ హబరణ చుట్టుపక్కల రోడ్ల మీద మీకు ఏనుగు ఎదురుపడే అవకాశం ఉంది, మీ భయం అర్థం లేనిదని నేననను. భయాన్ని క్రమశిక్షణగా మార్చుకుంటే చాలు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు ఆ ప్రాంతంలో కారు ప్రయాణం పెట్టుకోకండి. 2025 ఫిబ్రవరి 20న హబరణ సమీపంలో రాత్రివేళ పట్టాలు దాటుతున్న మందను రైలు ఢీకొని ఆరు ఏనుగులు చనిపోయాయి. చీకట్లో అవి దారి దాటే సమయంలో మనం అక్కడ లేకపోవడం రెండు వైపులా మంచిది. పగలు ఎదురుపడితే డ్రైవరు దూరంగానే ఆపుతాడు, అక్కడి డ్రైవర్లకు ఏనుగు నడకను చదవడం తెలుసు, అతని మాట వినండి. హారన్ కొట్టకూడదు, లైట్లు వెలిగించి ఆర్పకూడదు, కారు దిగకూడదు, ఫ్లాష్ వేసి ఫొటో తీయకూడదు. చెవులు నెమ్మదిగా ఊపుతూ గడ్డి పీకుతుంటే అది శాంతంగా ఉన్నట్లు. చెవులు రెండు వైపులా విప్పి, తల ఎత్తి, తోక బిగించి మీ వైపు తిరిగిందంటే కారును మెల్లగా వెనక్కి తీయాలి. కణతల నుంచి మదజలం కారి బుగ్గల మీద నల్లటి చార కనిపిస్తే అది మదంలో ఉన్న మగ ఏనుగు, దాని కోసం ఎంతసేపైనా ఆగడమే మార్గం. పలమనేరు, కుప్పం వైపు రైతులు కౌండిన్య అడవి పక్కన ఇదే ఓర్పుతో బతుకుతున్నారు.

పాముల విషయంలో మీకు అక్కడ కొత్తగా భయపడవలసిందేమీ లేదు. నాగుపాము, రక్తపింజరి, కట్లపాము మన పొలాల్లోవే అక్కడా ఉన్నాయి. పగలు రోడ్ల మీద, గుళ్లలో మీకు అవి కనిపించకపోవడానికే అవకాశాలెక్కువ. రాత్రి మీరు దిగిన ఇంటి ఆవరణలో నడిచేటప్పుడు చెప్పులు కాదు బూట్లు వేసుకుని, చేతిలో టార్చిలైటు పట్టుకోండి. నేల మీద పక్క వేసుకోకండి, కట్లపాము రాత్రిళ్లు ఇళ్లలోకి వచ్చే పాము. ఉదయం బూట్లు దులిపి వేసుకోండి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ఆ కాలు లేదా చేయి కదలకుండా ఉంచి 1990 నంబరుకు ఫోన్ చేయండి. మన 108 లాగే అది ఉచిత అంబులెన్స్. ఆ నంబరు నలుగురి ఫోన్లలోనూ ఇప్పుడే పెట్టుకోండి.

అయితే పాము మీకు ఎదురుపడే చోటు ఒకటుంది, గుడి ముందో, పర్యాటకులు ఆగే రోడ్డు పక్కనో, బుట్టలో నాగుపాము పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర. అతను తనవాళ్లతో తెలుగులో మాట్లాడుకోవడం వినిపిస్తే ఆశ్చర్యపోకండి. శ్రీలంకలో అహికుంటికులనే చిన్న సమూహం ఉంది, తరతరాలుగా వాళ్ల ఇంటి భాష తెలుగు. మగవాళ్లు పాములను, కోతులను ఆడించి, ఆడవాళ్లు చేయి చూసి సోదె చెప్పి, ఊరూరా తిరిగి బతికినవాళ్లు. ఇప్పుడు చాలామంది తంబుత్తేగమ దగ్గరి కూడగమ, తూర్పున అలికంబై వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. మన యాసకు వాళ్ల మాట కొంచెం దూరం, అయినా అర్థమవుతుంది. ఇక్కడ నా సలహా రెండు ముక్కలుగా ఉంటుంది. పామును మెడలో వేసుకుని ఫొటో దిగడానికి, కోతితో మొక్కించుకోవడానికి డబ్బు ఇవ్వకండి, ఎందుకంటే ఆ డబ్బే ఇంకో పామును పట్టిస్తుంది. కానీ మొహం తిప్పుకుని వెళ్లిపోవద్దు. నిలబడి పలకరించండి, ఏ ఊరని అడగండి, అత్తమ్మను మాట్లాడనివ్వండి. చేయి చూపించుకుని, ఆ మాటకు ఇవ్వవలసింది గౌరవంగా ఇవ్వండి. సముద్రం అవతల నిలిచిన తెలుగు అది. ఒక్క పూట ఆలస్యమైనా వాళ్లతో మాట్లాడే అవకాశం వస్తే వదులుకోకండి.

సిగిరియాకు బాబును, మీ వారిని పొద్దున గేటు తెరిచే వేళకే పంపండి. సుమారు పన్నెండు వందల మెట్లు అత్తమ్మకు వద్దు. కింద పాత ఉద్యానవనంలో చెట్ల నీడన కూర్చుంటే ఆమెకే ఎక్కువ పక్షులు కనిపిస్తాయి. ఆ బండ మీద పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి, వాటిని 'బంబర' అంటారు. నిశ్శబ్దంగా నడవమన్న బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. అత్తరు, సెంటు పూసుకోకుండా, కేకలు వేయకుండా ఎక్కితే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. క్యాండీలో రాజవంశపు చివరి రాజు, మదురై వైపు నుంచి వెళ్లిన నాయక వంశీయుడు, 1807లో తవ్వించిన చెరువు చుట్టూ ఉదయం ఒకసారి నడవండి. అక్కడికి దగ్గర్లోని పెరదెనియ ఉద్యానవనంలో పట్టపగలు వందల కొద్దీ పెద్ద గబ్బిలాలు చెట్లకు గొడుగులు తలకిందులుగా వేలాడదీసినట్లు కనిపిస్తాయి. బాబు అక్కడి నుంచి కదలడు. కింద పడ్డ గబ్బిలాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి.

తిమింగలాల కోసం మిరిస్స వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, ఆ వైపు సముద్రం నవంబరు నుంచి ఏప్రిల్ వరకే అనుకూలం. సింహరాజ వర్షారణ్యం గొప్పదే, కానీ జలగలతో, జారుడు దారులతో అత్తమ్మకు కష్టం. చిన్న గున్నలను దగ్గరగా చూడాలని బాబు అడిగితే, ఉడవలవె దగ్గర తల్లిని కోల్పోయిన ఏనుగు పిల్లలను పెంచి మళ్లీ అడవిలోకి వదిలే కేంద్రం ఉంది, 1995 నుంచి నడుస్తోంది. నిర్ణీత వేళల్లో పాలు పట్టడం దూరం నుంచి చూడనిస్తారు, ముట్టుకోనివ్వరు. ఏనుగెక్కి తిరగడం, ఏనుగుతో స్నానం వంటివి ఎవరు చూపినా అక్కడికి వెళ్లకండి.

హబరణ నుంచి త్రింకోమలికి సుమారు 85 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. కోట లోపలి నుంచి కోణేశ్వరాలయానికి ఎక్కే దారిలో చుక్కల దుప్పులు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. అవి ప్లాస్టిక్ కవర్లు నమలడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. వాటి ముందు ఏ కవరూ తెరవకండి, మీ చెత్త మీతోనే తీసుకురండి. శాంకరీ దేవి దర్శనం కోణేశ్వరాలయ ప్రాంగణంలోనే. ఈ ప్రయాణాన్ని వీలైతే విజయదశమి రోజున పెట్టుకోండి. ఆ రోజు పాలపిట్టను చూడాలని అత్తమ్మ అనుకుంటారు కదా. మన ఊళ్లలో ఆ ఒక్క రోజు కోసం పాలపిట్టలను పట్టి, రెక్కలు కట్టేసి, పంజరాల్లో పెట్టి డబ్బులకు చూపిస్తున్నారు, చాలావాటికి అదే చివరి పండుగ అవుతోంది. హబరణ దాటాక పొలాల వెంట సాగే కరెంటు తీగల మీద పాలపిట్టలు స్వేచ్ఛగా కూర్చుని ఉంటాయి. డ్రైవరును నెమ్మదిగా పోనివ్వమని, బాబును ఎడమ వైపు తీగలు, అత్తమ్మను కుడి వైపు తీగలు చూడమని చెప్పండి. కూర్చున్నప్పుడు అది మట్టి రంగు పిట్టలాగే ఉంటుంది, తీగ వదిలి ఎగిరినప్పుడే రెక్కల నీలం బయటపడుతుంది. కాబట్టి కనిపించగానే కారు ఆపి, కిటికీ దించి, అది ఎగిరేదాకా ఆగండి.